ఏఐబీఈ ఈసారే రాయాలా, వచ్చేసారికి ఆగాలా?

ఆలిండియా బార్ ఎగ్జామ్ (ఏఐబీఈ) నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ కొత్త జూనియర్ల మధ్య ఒకటే చర్చ. ‘ఇంకా సిలబస్ ముట్టుకోనే లేదు, ఈసారికి వదిలేసి వచ్చేసారి గట్టిగా చదివి రాస్తా’ అని ఒకరు, ‘పుస్తకం చూసి రాసేదే కదా, చూద్దాంలే’ అని ఇంకొకరు. మొదటి ఆయన చదువు గురించే ఆలోచిస్తున్నారు గానీ క్యాలెండర్ వైపు చూడటం లేదు. రెండో ఆయనకి ఎవరో పాత బ్యాచ్ సీనియర్ చెప్పిన కబుర్లు చెవిలో ఉండిపోయాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అర్హత వచ్చాక ఎదురయ్యే మొదటి పరీక్షనే రాసేయడం చాలామందికి మంచిది. అలా కాని వాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతికి చివర్లో వస్తాను.

ముందు పరీక్ష కథ రెండు ముక్కల్లో. 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం లా డిగ్రీ పూర్తిచేసి రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరు ఎక్కించుకుంటే, అంటే ఎన్‌రోల్ అయితే, అడ్వకేటు అయినట్టే. ఆ తర్వాత కూడా ఒక వడపోత ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చాలాకాలం ప్రయత్నించింది. ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు ట్రైనింగ్ తప్పనిసరి చేస్తూ పెట్టిన రూల్స్‌ని 1999లో సుప్రీంకోర్టు వి. సుధీర్ కేసులో కొట్టేసింది. 2010లో పరీక్ష రూపంలో మళ్లీ తెచ్చారు, 2011 మార్చి 6న మొదటి ఏఐబీఈ జరిగింది. దాని మీదా కేసులు పడ్డాయి, ఎప్పుడో ఒకరోజు కోర్టు దీన్ని కూడా ఎత్తేస్తుందని ఏళ్లతరబడి ఆశపెట్టుకుని కూర్చున్న వాళ్లు నిజంగానే ఉన్నారు. 2023 ఫిబ్రవరి 10న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం బోనీ ఫోయి లా కాలేజీ కేసులో ఆ ఆశకి తెరదించింది. పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఉందని, దాన్ని ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అన్నది కూడా ఆ కౌన్సిలే తేల్చుకోవాలని చెప్పింది. కాబట్టి ‘పరీక్షే పోతుందేమో చూద్దాం’ అనే లెక్క ఇక లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎన్‌రోల్ అయినప్పుడు చేతికొచ్చేది ప్రొవిజనల్, అంటే తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్, దాని గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఏఐబీఈ పాసై ప్రాక్టీస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఈలోపు కోర్టుకి వెళ్లొచ్చు, వకాల్తా వేయొచ్చు, వాయిదాలు చూసుకోవచ్చు. అందుకే తొందర అనిపించదు. రెండేళ్లంటే బోలెడు టైమ్ కదా అనిపిస్తుంది.

కానీ ఆ రెండేళ్లని నెలల్లో లెక్కేస్తే మోసపోతారు, పరీక్షల్లో లెక్కేయాలి. ఏఐబీఈ ఏటా ఒకే తేదీన జరిగే పరీక్ష కాదు. ఏడాదికి రెండుసార్లు పెట్టాలనే మాట మొదటి నుంచీ ఉంది, జరిగింది మాత్రం వేరు. పదిహేనో విడత 2021 జనవరి 24న, పదహారోది అదే ఏడాది అక్టోబర్ 31న. తర్వాత పదిహేడోది ఎప్పుడో తెలుసా, 2023 ఫిబ్రవరి 5న. అంటే 2022 అనే సంవత్సరంలో పరీక్షే లేదు. పద్దెనిమిదోది 2023 డిసెంబర్ 10, పంతొమ్మిదోది 2024 డిసెంబర్ 22, ఇరవయ్యోది 2025 నవంబర్ 30.

ఈ తేదీల మీద ఒక మనిషిని నిలబెట్టి చూడండి. 2021 నవంబర్ 10న ఎన్‌రోల్ అయ్యారనుకుందాం. రెండేళ్లంటే 2023 నవంబర్ 10 దాకా. ఈ మధ్యలో ఎన్ని పరీక్షలు పడ్డాయి? ఒక్కటే, 2023 ఫిబ్రవరిది. ఆ ఒక్కదాన్ని ‘వచ్చేసారి గట్టిగా చదివి’ అని వదిలేస్తే, ఆ వచ్చేసారి డిసెంబర్ 10న వచ్చింది, అప్పటికి గడువు దాటి సరిగ్గా నెల. అదే మనిషి 2021 ఆగస్టులోనే ఎన్‌రోల్ అయ్యుంటే అక్టోబర్ పరీక్ష కూడా అందేది, రెండు అవకాశాలు ఉండేవి. చదువు అదే, తెలివి అదే, ఎన్‌రోల్‌మెంట్ తేదీలో మూడు నెలల తేడా. గడువు దాటిన వాళ్లకి అప్పుడప్పుడు సడలింపులు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి, ఉదాహరణకి కోవిడ్ కాలంలో. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

అందుకే ‘పరీక్ష ఎప్పుడు రాయాలి’ అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ‘మీ ఎన్‌రోల్‌మెంట్ తేదీ ఎంత’ అని. రెండేళ్ల గడువులో రెండు పరీక్షలు వస్తాయనుకోవచ్చు, ఒక్కటే రావొచ్చు కూడా. మొదటిది వదిలేశారంటే రెండోదాన్ని జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లున్నా, సీనియర్ వేరే ఊరికి పంపించినా రాసి తీరాలి, పైగా మొదటిసారిలోనే పాసవ్వాలి. ఆ టెన్షన్ మీ నెత్తిమీద మీరే పెట్టుకున్నట్టు.

దీనికి తోడు పరీక్ష తేదీ కన్నా ముందే మూసుకుపోయే తలుపు ఒకటుంది. రిజిస్ట్రేషన్ దాదాపు నెల ముందే ముగుస్తుంది. ఎన్‌రోల్ కాకుండా డిగ్రీతో కూర్చున్న వాళ్లు నోటిఫికేషన్ చూశాక పరుగులు మొదలుపెడితే, డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, వెరిఫికేషన్, బార్ కౌన్సిల్ పెట్టే ఎన్‌రోల్‌మెంట్ తేదీ, ఇవన్నీ ఒక వరసలో కుదిరి నంబర్ చేతికొచ్చేసరికి రిజిస్ట్రేషన్ అయిపోతుంది. తేదీలు జరగడం కూడా మామూలే. పంతొమ్మిదో విడతని మొదట 2024 నవంబర్ 24 అన్నారు, తర్వాత డిసెంబర్ 1కి మార్చారు, చివరికి డిసెంబర్ 22న పెట్టారు, ఫలితాలు 2025 మార్చిలో వచ్చాయి. ఫలితం వచ్చిన మర్నాడే సర్టిఫికెట్ ఇంటికి రాదని వేరే చెప్పాలా. పరీక్ష రాసిన రోజు నుంచి కాగితం చేతికి అందేదాకా నెలలు పడుతుంది కాబట్టి, గడువు చివరి అంచున రాయడం అంటే ఆ నెలలన్నీ గాల్లో ఉండటమే.

ఇప్పుడు తూకం వేయండి. రాసి ఫెయిలైతే పోయేది ఏంటి? జనరల్, ఓబీసీ వాళ్లకి పంతొమ్మిది, ఇరవై విడతల్లో ఫీజు 3,500, ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 2,500 రూపాయలు. అది తిరిగి రాదు, మళ్లీ రాస్తే మళ్లీ కట్టాలి. జూనియర్‌గా చేరిన కొత్తలో అది చిన్న మొత్తమేం కాదు, నేనొప్పుకుంటాను. ఎన్నిసార్లు రాయొచ్చనే దానికి మాత్రం పరిమితి లేదు, ప్రాక్టీస్ సర్టిఫికెట్ మీద ఎన్నో ప్రయత్నంలో పాసయ్యారో ఉండదు, క్లయింట్ ఎవరూ అడగరు, ర్యాంకూ ఉండదు. 45 వచ్చినా 85 వచ్చినా ఒకటే. రాయకుండా వదిలేస్తే పోయేది పైన చూశాం కదా, ఏడాది. యూపీఎస్సీ లాగా ప్రయత్నాలు లెక్కపెట్టే పరీక్ష అయితే ఆగడంలో అర్థం ఉండేది.

సరే, చదవకుండా వెళ్లి రాయమంటున్నావా అంటే, లేదు. ఎంత చదవాలో తెలుసుకుంటే ఆగాల్సిన అవసరం చాలామందికి కనిపించదు అంటున్నాను. వంద ప్రశ్నలు, వంద మార్కులు, మూడున్నర గంటలు, నెగటివ్ మార్కులు లేవు. పాస్ మార్కులు ఒకప్పుడు జనరల్ వాళ్లకి 40, ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 35 ఉండేవి, పద్దెనిమిదో విడత నుంచి వాటిని 45, 40 చేశారు. సబ్జెక్టులు పంతొమ్మిది. ఆ సంఖ్య చూసే చాలామంది బెదిరిపోతారు. కానీ మార్కులు ఎక్కడున్నాయో చూడండి: రాజ్యాంగం 10, సీపీసీ (సివిల్ ప్రొసీజర్) 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, శిక్షాస్మృతి 8, సాక్ష్యం 8, ఫ్యామిలీ లా 8, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అన్నీ కలిపి 8. ఈ ఏడింటికే 62 మార్కులు. కంపెనీ లా, పర్యావరణం, సైబర్, భూసేకరణ, మేధో సంపత్తి, ఇవి తలా రెండేసి. రెండు మార్కుల కంపెనీ లా కోసం లావుపాటి పుస్తకం ముందేసుకుని రెండు వారాలు పోగొట్టుకుని, ‘నా ప్రిపరేషన్ అవ్వలేదు’ అని పరీక్ష మానేసే వాళ్లని చూస్తే జాలేస్తుంది.

పుస్తకం చూసి రాయడం గురించి. ఒకప్పుడు నోట్సులు, గైడ్లు సంచుల్లో మోసుకెళ్లేవారు. 2021 అక్టోబర్ విడత నుంచి అది పోయింది, వ్యాఖ్యలు, నోట్స్ లేని బేర్ యాక్టులు, అంటే ఉత్త చట్టం పుస్తకాలు మాత్రమే హాల్లోకి వస్తాయి. మూడున్నర గంటలంటే 210 నిమిషాలు, ప్రశ్నకి రెండు నిమిషాలు చిల్లర. సీపీసీలో ప్లెయింట్ (దావా పత్రం) ఎప్పుడు తిరస్కరించొచ్చు అని ప్రశ్న వచ్చిందనుకోండి. ఆర్డర్ 7 రూల్ 11 అని గుర్తున్న మనిషి బేర్ యాక్ట్‌లో సెక్షన్లన్నీ దాటేసి, మొదటి షెడ్యూల్ తెరిచి, ఏడో ఆర్డర్ దగ్గర వేలుపెట్టి, క్లాజులు చదివి నిమిషంలో గుండ్రం నింపేస్తారు. గుర్తు లేని మనిషి ముందు విషయసూచికలో వెతుకుతారు, సెక్షన్లలో ఉందేమో అని 158 సెక్షన్ల పేర్లూ ఒకసారి తిరగేస్తారు, అక్కడ లేదని ఆర్డర్లకి వస్తారు, ఈలోపు నాలుగైదు నిమిషాలు. ఇలాంటివి పదిహేను పడితే గంట పైనే పోతుంది. కాబట్టి కావాల్సింది బట్టీ కాదు, ఏది ఎక్కడుందో వేళ్లకి తెలియడం. డిగ్రీ తాజాగా అయిన వాళ్లకి ఆ అలవాటు సగం ఉండే ఉంటుంది, రోజూ కోర్టుకెళ్లే జూనియర్‌కి ఆర్డర్ 39 ఇంజంక్షన్, ఆర్డర్ 9 రూల్ 13 ఎక్స్‌పార్టీ సెటసైడ్ (ప్రతివాది రాకుండా వచ్చిన డిక్రీ రద్దు) ఎలాగూ నోట్లో నానుతుంటాయి. ఇలాంటి వాళ్లకి ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజుకి రెండు గంటలు సరిపోతాయని నా అంచనా. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెట్టినా పరీక్షలోపు ఆ టైమ్ దొరుకుతుంది.

ఆగితే ఇంకా బాగా చదువుతాం అనుకోవడంలో ఇంకో చిక్కు, చట్టం మన కోసం ఆగదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. కాలేజీలో 302 అని చదివిన హత్య ఇప్పుడు 103. మోసానికి మారుపేరైపోయిన 420 ఇప్పుడు 318లో ఉంది. అన్నిటికన్నా తికమక పెట్టేది 482: పాత సీఆర్‌పీసీలో అది హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాల సెక్షన్, ఎఫ్ఐఆర్ కొట్టేయమని వేసే పిటిషన్లన్నీ దాని కిందే. దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్, పాత 482 వెళ్లి 528లో కూర్చుంది. పాత సిలబస్‌తో డిగ్రీ పాసై రెండేళ్లు ఊరికే ఉన్నవాళ్లకి ఇక్కడే 26 మార్కులు తారుమారు. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం. ఏ విడతకి ఏ చట్టం అడుగుతారో ఆ నోటిఫికేషన్ సిలబస్‌లో చూసుకోవాలి గానీ, చదివింది చెల్లకుండా పోయే వేగం ఇప్పుడు ఎక్కువే.

ఫైనలియర్ వాళ్ల సంగతి వేరు, కాస్త కొత్త కూడా. ఇదివరకు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ లేకుండా అప్లికేషన్ నింపడమే కుదిరేది కాదు. చివరి సెమిస్టర్ వాళ్లని కూడా రాయనివ్వాలని 2023 తీర్పులోనే వచ్చింది, అయినా వెంటనే అమలవ్వలేదు, 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెబితే గానీ పంతొమ్మిదో విడతకి దారి తెరుచుకోలేదు. ఇది నిజంగా మంచి అవకాశం, ఎందుకంటే ఎన్‌రోల్ కాకముందే పరీక్ష అయిపోతే రెండేళ్ల గడియారం గోలే ఉండదు. కాకపోతే ఇక్కడ పాసవ్వడానికి విలువ డిగ్రీతో ముడిపడి ఉంది. యూనివర్సిటీ పేపర్లన్నీ పాసవ్వాలి, ఆ తర్వాత ఎన్‌రోల్ అవ్వాలి, అప్పుడే సర్టిఫికెట్. అందుకని మూడు నాలుగు బ్యాక్‌లాగులు పెట్టుకున్న వాళ్లకి నేను చెప్పేది, ముందు నోటిఫికేషన్‌లో అర్హత నిబంధన అక్షరం అక్షరం చదవండి, అర్హత ఉన్నా సరే బ్యాక్‌లాగు పరీక్షల తేదీలూ ఏఐబీఈ తేదీ ఒకదాని మీద ఒకటి పడేలా ఉంటే బ్యాక్‌లాగులకే ఓటు వేయండి. డిగ్రీ లేని ఏఐబీఈ పాస్‌తో చేసేదేం లేదు.

జడ్జి పరీక్షలకి చదివే వాళ్లలో ఈ మధ్య ఒక భయం మొదలైంది. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకి కొత్తగా వేసే నోటిఫికేషన్లలో కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలనే పాత షరతుని తిరిగి తెచ్చింది. దాంతో ‘ఏఐబీఈ ఎంత ఆలస్యమైతే నా మూడేళ్లు అంత ఆలస్యమా’ అని కంగారు. కాదు. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే మూడేళ్లు లెక్కించాలని అదే తీర్పులో స్పష్టంగా ఉంది, ఏఐబీఈ ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతుంది కాబట్టి దాని మీద లెక్క పెట్టడం సరికాదని కోర్టుకీ అనిపించింది. అంటే వీళ్లు తొందరపడాల్సింది ఎన్‌రోల్‌మెంట్ విషయంలో. అలా ఎన్‌రోల్ అయితే మళ్లీ రెండేళ్ల గడియారం మొదలవుతుంది, మూడేళ్ల ప్రాక్టీస్ పూర్తయ్యే లోపే ఆ గడువు వస్తుంది, కాబట్టి ఏఐబీఈని దాటేసి జడ్జి పరీక్ష దాకా వెళ్లడం కుదిరే పని కాదు. సిలబస్ సగానికి పైగా కలిసిపోతుంది గనక వీళ్లకి అదనపు భారం కూడా తక్కువే.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకి భయపడి ఆగిన వాళ్లు ఇదివరకు చాలామంది ఉండేవాళ్లు, రకరకాల పేర్లతో రాష్ట్ర కౌన్సిళ్లు వేలకి వేలు వసూలు చేసేవి. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125, దానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు.

మరి ఆగడం ఎవరికి సబబు? ఉద్యోగంలో ఉంటూ సాయంత్రం కాలేజీలో లా చేసిన వాళ్లు ముందు గుర్తొస్తారు. ప్రాక్టీస్ చేసే అడ్వకేటు పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉండకూడదనేది బార్ కౌన్సిల్ రూల్స్‌లో 49వ రూల్. బ్యాంకులోనో బడిలోనో పనిచేస్తూ, ఇంకో అయిదేళ్లకి రిటైరయ్యాక ప్రాక్టీస్ పెడదామనుకునే మనిషి ఇప్పుడు ఎన్‌రోల్ అయ్యే వీలే లేదు, ఎన్‌రోల్ కాకపోతే రెండేళ్ల గడియారమూ లేదు, కాబట్టి టెన్షన్ పడి ఉద్యోగం సంగతి దాచిపెట్టి ఎన్‌రోల్ అవ్వడం లాంటి సాహసాలు చేయకుండా ఉంటే మేలు. అలా చేసి తర్వాత సనదుకే (అడ్వకేటు లైసెన్సుకే) ఎసరు తెచ్చుకోవడం ఎవరికీ అక్కర్లేదు. ఇలాంటి వాళ్లు చదువు చివరి సెమిస్టర్లో ఉండగానే పరీక్ష రాసే దారి ఉందేమో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవచ్చు.

రెండో రకం, ఆరోగ్యమో కాన్పో ఇంట్లో పెద్దవాళ్ల మంచమో, నిజంగా పుస్తకం పట్టుకోలేని పరిస్థితి. వీళ్లు గడువులో ఇంకో పరీక్ష కచ్చితంగా పడేంత టైమ్ మిగిలి ఉంటేనే వదిలేయాలి. ఎన్‌రోల్ అయి నాలుగైదు నెలలే అయితే వదిలేయొచ్చు, ఏడాది దాటితే ఎంతో కొంత చదివి, బేర్ యాక్టులు పట్టుకెళ్లి రాసి రావడమే నయం. నెగటివ్ మార్కులు లేవు కదా, వంద గుండ్రాలూ నింపి రావాలి, ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు.

ఇక 2009-10 విద్యాసంవత్సరానికి ముందే లా పాసైన వాళ్లకి ఈ పరీక్షే వర్తించదు. ఎప్పుడో 2006లో పాసై, వేరే పనుల్లో పడిపోయి, ఇప్పుడు నల్లకోటు వేసుకుందామనుకునే వాళ్లు కోచింగ్ సెంటర్ల వాళ్ల మాట విని ఫీజులు కట్టే ముందు తమ డిగ్రీ మీద పాసైన సంవత్సరం చూసుకుని, రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆఫీసులో ఒకసారి అడిగి రావాలి.